మంగోలులు, మా గొర్ల బాట

ఆ ప్రశ్న ఎందుకు పెట్టిచ్చిన్రో నాకు ఇప్పటికీ అనుమానమే. అనుమానం అని మర్యాదకు అంటున్న గని, కారణమేందో నా మనసుల ఖరారయ్యే ఉన్నది. సాక్ష్యం లేదు, గంతే.

మొయినాబాద్ దాటినంక చేవెళ్ల రోడ్డుకు జర లోపలికి ఒక పెద్ద బడి ఉన్నది. ఎం.ఏ. హిస్టరీ అయినంక నేను ఆ బడిల సోషల్ చెప్తుంటి. హైదరాబాద్ పడమర దిక్కు అంత కంప్యూటర్ కంపెనీలు లేస్తున్న రోజులవి. మాదాపూర్ దిక్కు నుంచి పొద్దుగాల్నే పిల్లలు ఏసీ బస్సులల్ల వచ్చి దిగుతుండిరి. వాళ్ల అమ్మానాన్నలు చానామంది కోస్తా నుంచి వచ్చి ఇక్కడ కొలువుల్ల కుదురుకున్నోళ్లు. నా అసొంటి టీచర్లం చుట్టుపక్కల ఊర్లు హిమాయత్‌నగర్, ఎంకపల్లి నుంచి షేర్ ఆటోలల్ల ఇరుక్కొని వచ్చి, గేటు కాడ చీర కుచ్చిళ్లు సదురుకొని లోపలికి పోయేది.

ఏటా ఆ బడిల ఒక డిబేట్ పెడతరు. అంతకుముందు ఏం పెట్టిన్రు? టీవీ మంచిదా చెడ్డదా, పల్లె గొప్పదా పట్నం గొప్పదా, గిసొంటియే. ఆ ఏడు మాత్రం ప్రిన్సిపాల్ మేడం స్టాఫ్ రూముకు వచ్చి, "మధ్యయుగపు మంగోలులను ఒక నాగరికతగా పరిగణించవచ్చునా?" అని బోర్డు మీద రాసింది. లెక్కల సార్ నవ్విండు. నాకు నవ్వు రాలె. మా సిలబస్‌ల మంగోలులు ఉన్నదే అర పేజీ. అండ్ల సగం తలకాయల గుట్టలు, మిగిలిన సగం కాలిన ఊర్లు.

"ఈ టాపిక్ ఎవరిచ్చిన్రు మేడం?" అని అడిగిన.

"ఒక పేరెంట్ సజెస్ట్ చేశారు. చాలా కొత్తగా ఉంది కదా! రెండు టీములకూ మీరే ట్రైనింగ్ ఇవ్వాలి."

ఏ పేరెంట్ అంటె చెప్పింది. తాగుతున్న చాయ్ నాకు పొలమారింది.

ఆ మనిషి సంగతి చెప్పాలంటె ముందు మా బాట సంగతి చెప్పాలె. మేము కురుమోళ్లం. మా బాపుకు గొర్ల మంద ఉండె. చలికాలం అంత చేవెళ్ల దిక్కు నల్లరేగడి చేన్లల్ల మంద ఆపుతడు. ఒక్కొక్క రైతు చేన్ల రాత్రిపూట గొర్లను పండవెడితే, పొద్దుగాల వరకు చేనుకు ఎరువైతది, రైతు మా ఇంటికి గింజలిస్తడు. ఎండలు ముదిరి, గండిపేట చెరువు నీళ్లు ఎనక్కి పోతె, ఆ తడి నేల మీద పచ్చగడ్డి లేస్తది. అప్పుడు మందను అటు దిక్కు తోలుకపోవాలె. నడుమ మా ఊరి పటేల్ చెల్క ఉన్నది. దాని నడి మధ్యలకెల్లి గొర్ల బాట. బాట అంటె ఏదో రోడ్డు అనుకోకున్రి. గిట్టలు తొక్కి తొక్కి గడ్డి మొలవని ఒక సన్నని నేల, గంతే. మా తాత తండ్రి గూడ అండ్లకెల్లే పోయిండంటరు.

గని బాపు ఆ చెల్కల ఏనాడు ఊరికె కాలు పెట్టలె. మా దాంట్ల ఒక పద్ధతున్నది. మంద ఒకరి నేల మీదికి పోయేముందట, గట్టు కాడ భుజం మీది గొంగడి తీసి నేల మీద పరవాలె. కట్టె దాని మీద పెట్టాలె. జాగ ఎవరిదో వాళ్లను పిలిచి, "మంద పోవాలె, నీ మాట కావాలె" అని అడగాలె. వాళ్లు పొమ్మన్నంకనే గొంగడి భుజం మీద ఏసుకొని కదలాలె. గొర్లకు గూడ ఇది ఎరుకే. గొంగడి నేల మీద ఉన్నంతసేపు ముందటి గొర్రె ఆగుతది, దాని ఎనుక మంద మొత్తం ఆగుతది. నా చిన్నప్పుడు పటేల్ మంచంల పండుకొనే ఒర్రేటోడు.

"ఏందిరా, ఏటేటా కొత్తగ అడుగుతవ్? ఎన్నడన్న వద్దన్ననా?"

"వద్దంటవని కాదు పటేలా. అడగాలె గదా."

పటేల్ సచ్చిపోయినంక కొడుకులు ఆ చెల్క అమ్మిన్రు. కొన్నది ఆ పేరెంటే, సాఫ్ట్‌వేర్ కొలువు జేసే ఆయన. మొదటి ఎండకాలం శనివారం పూట ఆయన కార్ల రాంగనే బాపు ఆ కారు ముందట గొంగడి పరిచిండు. ఆయన బిత్తరపోయి దిగి, "అయ్యో పెద్దాయనా, ఇదేంటండీ, లేవండి లేవండి" అని బాపు జబ్బ పట్టుకున్నడు. అడుక్కుంటున్నడు అనుకున్నడేమొ! ఆయన బిడ్డ కారు అద్దం దించి కండ్లు పెద్దగ జేసి చూసింది. ఆ పిల్ల నా క్లాసే, ఆ పెద్దాయన మా బాపని తర్వాత వాళ్లకు ఎరుకైంది. సంగతి సమజైనంక, "వెళ్లండి, వెళ్లండి, దానికేముంది" అన్నడు. బాపు ఖుషీగ ఇంటికొచ్చి, "మంచోడే బిడ్డా, మర్యాదస్తుడు" అన్నడు. మరుసటేడు గూడ అడిగిండు, ఆయన గూడ పొమ్మన్నడు. మూడో ఏడు ఎండకాలం రాకముందే చెల్క చుట్టూ రాతి కడీలు లేసినయి, వాటికి ముండ్ల తీగ. మా బాట ఆ తీగ అవతల ఉండిపోయింది.

మా కురుమోళ్లంత కలిసి మండల ఆఫీసుకు పోయి మొరపెట్టుకున్నరు. విచారణ జేస్తమన్నరు. ఆ బాట మూస్తె చుట్టు తిరిగి పెద్దరోడ్డు మీదికెల్లి పోవాలె. ఆ రోడ్డు మీద లారీలు, కార్లు, మా బడి బస్సులు. గొర్లను తోలే సంగతి దేవుడెరుగు, మనిషి దాటుడే గగనం. బాట పోతె మంద అమ్ముడే. మా ఊర్ల మందలు అమ్ముకున్నోళ్లు ఏమైన్రో నాకు తెలుసు. ఫామ్‌హౌసుల కాడ నీలం అంగీ తొడుక్కొని, వచ్చిపోయే కార్లకు సలాం గొట్టుకుంట కూసున్నరు. మా బాపు అట్ల కూసుంటడా?

గిది జరుగుతుంటె, గదే మనిషి మా బడికొచ్చి మంగోలుల నాగరికత మీద డిబేట్ పెట్టమంటడు! తిరుగుడు బతుకుల మీద గింత ప్రేమ ఎక్కడ పుట్టుకొచ్చింది సారుకు? నీది నాగరికతనేనా అని ఎవడన్న అడుగుతున్నడంటె, నీ జాగ మీద వానికి కన్నున్నదన్నట్టే. హిస్టరీ చదువుకున్నదాన్ని, నాకు ఆ మాత్రం తెల్వదా?

ట్రైనింగ్ మొదలైన వారానికే ఆయన బడికి వచ్చిండు. చేతుల లావు లావు పుస్తకాలు. "మా పాప 'అవును' టీములో ఉందండీ. మీకు పనికొస్తాయేమోనని తెచ్చాను" అన్నడు. మనిషి నెమ్మది. మాట మెత్తగ. ఆ మెత్తదనమే నాకు గిట్టలె. లైబ్రరీల పిల్లల నడుమ కూసోని, మంగోలుల గుడారాల సంగతి, ఉన్నిని తడిపి చుట్టి ఒత్తి మందమైన బట్ట చేసే సంగతి మస్తు చెప్పిండు. అబద్ధమెందుకు, నాకంటె బాగ చెప్పిండు. చెప్పి చెప్పి నా దిక్కు తిరిగిండు.

"టీచర్ గారూ, మీ నాన్నగారు ఎక్కడికి వెళ్లినా అలా అడిగే వెళతారా? ఎప్పుడూ అంతేనా?"

నా చెవులు నిక్కపొడుచుకున్నయి. నేను నోరు తెరవకముందే ఆయన బిడ్డ, "అవును డాడీ! మనం చూశాం కదా, దుప్పటి పరిచి అడుగుతారు. మనం ఊఁ అనేదాకా గొర్రెలు కూడా కదలవు!" అన్నది. పిల్ల మొఖంల సంబురం తప్ప ఏం లేదు. ఆయన తలకాయ ఊపి, "గ్రేట్ అండీ" అన్నడు. ఎందుకు గ్రేటు? దేనికి గ్రేటు? ఆ పొద్దంత నాకు పాఠం మీద పాణం నిలువలె.

ఇంటికి పోయి బాపుకు చెప్పిన. "ఉట్టిగనే అడిగిండేమొ లేవే" అన్నడు బాపు. బాపుకు ఆ మనిషి మీద అనుమానం లేదు, మంగోలుల మీదనే దిల్చస్పీ. రోజు బువ్వ తినుకుంట, "ఇంక చెప్పు బిడ్డా, మంగోలోళ్ల సంగతి" అని కూసుంటుండె. వాళ్ల గొర్లకు తోకలు ఎట్లుంటయి? మంచు పడితె మేత ఎట్ల? నాకేం తెలుసు! తెలిసింది చెప్తుంటి. బండ్ల మీద ఇండ్లు కట్టుకొని తిరిగిన్రంటె ముసిముసి నవ్విండు. ఉన్ని బట్టను నెయ్యకుంట ఒత్తి చేస్తరంటె మాత్రం ఒప్పుకోలె. "నెయ్యంది గొంగడెట్లయితది?" అన్నడు. చైనా దిక్కు పంట పొలాలు గెలిచినంక, ఈ పొలాలన్ని తీసేసి గడ్డి బీడు జేద్దామని వాళ్లల్ల కొందరు అన్నరట, ఒక మంత్రి అడ్డం పడ్డడట అని చెప్తె, బాపుకు నవ్వాగలె.

"మనకు ఉల్టా నడుస్తున్నది గదనే! గడ్డి తీసి గోడలు పెడుతున్రు."

"మీ ఇద్దరు ఆ మంగోలోళ్లను పట్టుకొని ఊరేగున్రి. కూర సల్లారి రాయయితున్నది" అని అవ్వ తిట్టింది.

ఒకనాడు బాగ్దాదు సంగతి చెప్పిన. గంత పెద్ద పట్నం, పుస్తకాలు, కాల్వలు, అన్ని ఎట్ల నాశనం చేసిన్రో చెప్పిన. బాపు పట్నం సంగతి అడగలె. "పోయేటప్పుడు దారిల చేన్లుంటయి గదా. పంట మీదికెల్లి గుర్రాలను తోలేటప్పుడు ఎవరినన్న అడిగిన్రా?" అన్నడు.

"అడుగుడేంది బాపు, వాళ్లు గెల్వవోయినోళ్లు."

బాపు ముద్ద పళ్లెంల పెట్టేసిండు. "అడగకుంట చేన్ల పడేటోడు మంద కాసేటోడు ఎట్లయితడు? వాడు దొంగ" అన్నడు. ఆ తర్వాత మల్ల మంగోలోళ్ల సంగతి అడగలె. నాకు మాత్రం వాళ్లను అట్ల వదిలెయ్య బుద్ధి కాలె. నిజం చెప్పాలంటె నేను లోపల 'అవును' టీమే. కాల్చుడు తప్పే, కాదన. గని కోటలు కట్టిన రాజులు ఊర్లు కాల్చలేదా? వాళ్ల సంగతి రాసేటప్పుడు శిల్పం, సాహిత్యం, సాగునీరు అని పేజీలు పేజీలు రాస్తరు, తిరిగేటోళ్ల సంగతి వచ్చేసరికి నెత్తురొక్కటే కనవడతది. మంగోలులు పక్కోళ్ల నుంచి లిపి తెచ్చుకున్నరు. ఏ దేవుణ్ని మొక్కేటోళ్లనైనా మొక్కుకోనిచ్చిన్రు. గుర్రం మార్చుకునే మజిలీలు పెట్టి, ఆ కొస నుంచి ఈ కొస దాంక బాట నడిపిన్రు. నేల మీద గుడి లేదు, కోట లేదు కాబట్టి లెక్కల లేరంటె, మా బాపు గూడ లెక్కల లేనట్టే గదా. నాకు కోపం ఎందుకొచ్చిందో నాకు తెలుసు.

డిబేట్ నాడు హాలు నిండింది. 'కాదు' టీము పిల్లడు, పట్నం లేంది నాగరికత లేదు, ఒక్క రాజధాని కట్టుకున్నరు అదీ నిలవలె అని గట్టిగ చెప్పిండు. ఆయన బిడ్డ లేసి, "మంగోలులు బాటలు మూయలేదు, తెరిచారు. వ్యాపారి వెళ్లాడు, సాధువు వెళ్లాడు, గొర్రెల కాపరి వెళ్లాడు. బాట తెరిచి ఉంచిన వాళ్లు అనాగరికులు ఎలా అవుతారు?" అన్నది. ఆ మాట నేను రాసియ్యలె, ఒట్టు. పిల్ల సొంతంగ అన్నది. ముందటి వరుసల కూసున్న తండ్రి అందరికంటె ముందు సప్పట్లు గొట్టిండు. ముండ్ల తీగ కొట్టిచ్చిన చేతులే అవి! నేను ఆ మొఖంల ఏమన్న దొరుకుతదా అని చూసిన. సిగ్గు లేదు, ఎకసెక్కం లేదు, బిడ్డను చూసుకొని మురుసుడు తప్ప ఏం లేదు. గది చూసి నాకు ఇంక మంటెక్కింది. గెలిచింది 'కాదు' టీమే.

విచారణ దగ్గరకొచ్చిందని చేవెళ్ల కోర్టు కాడ ఒక వకీలును కలిసిన. మా బడి హిందీ టీచర్ చుట్టమాయన. మా బాట సంగతంత విని, ఒక్కటే అడిగిండు.

"మీ నాయిన ఏటా అడిగి పోయిండా, అడగకుంట పోయిండా?"

"అడిగే పోతడు. మా పద్ధతే గది" అన్న, జర గొప్పగనే.

వకీలు నుదురు కొట్టుకున్నడు. "అయ్యో తల్లీ! అడగకుంట ఏండ్లకేండ్లు పోతె అది మీ హక్కు. అడిగి పోయిన్రంటె, ఆయన దయ. దయ జూపినోడు ఎప్పుడంటె అప్పుడు వద్దనొచ్చు. మీ నాయిన నోట అడిగిన అనే మాట రావొద్దు. వచ్చిందా, కేసు లేదు."

లైబ్రరీల ఆ మెత్తని గొంతు మల్ల చెవుల వినవడ్డది. ఎప్పుడూ అంతేనా? అడిగే వెళతారా? ఇగో, ఇందుకే అడిగిండు! నాకు ఆ క్షణంల ఇంక అనుమానం గూడ కాదు, నమ్మకం కుదిరింది. మంగోలులు లేరు, నాగరికత లేదు, మా బాపు నోటి మాట కోసమే ఆ పుస్తకాల మోత.

ఆ సాయంత్రం బాపును కూసోవెట్టి చెప్పిన. "బాపు, ఆఫీసరు అడిగితె ఒక్కటే మాట. మా తాతల నాటి బాట, మేము పోతం, ఎవర్ని అడగలె. గంతే. ఇంక ఏం మాట్లాడకు."

"అడగలె అనాల్నా?"

"అను. నీ కాళ్లు మొక్కుత. ఆ ఒక్క మాటతోని మంద దక్కుతది."

బాపు గొంగడి అంచు ఏలుకు చుట్టుకుంట కూసున్నడు. అవ్వ ఎనుక నుంచి, "అంటడు తియ్. బిడ్డ చదువుకున్నది, ఊకె చెప్తదా?" అన్నది. బాపు తలకాయ ఊపిండు. అది ఒప్పుకునుడు అనే అనుకున్న నేను.

మండల ఆఫీసరు మోకా మీదికి, జాగ చూడనీకి వచ్చిండు. పొద్దుగాల్నే చెల్క కాడ మా కురుమోళ్లు ఇరవై మంది దాంక జమైన్రు. అటు దిక్కు ఆ సాఫ్ట్‌వేర్ ఆయన, ఆయన వకీలు. నేను బడికి సెలవు పెట్టి పోయిన. రాతి కడీల కింద మా బాట ఇంక ఆనవాలు కనవడుతనే ఉన్నది, రెండు దిక్కుల గడ్డి, నడుమ బోడి నేల. ఆఫీసరు చుట్టు తిరిగి చూసి, బాపును పిలిచిండు.

"ఏం పెద్దమనిషీ, ఈ బాట మీదికెల్లి ఎన్నాళ్ల సంది పోతున్రు?"

"మా తాతల కాలం సంది అయ్యా."

నేను ఊపిరి పీల్చుకున్న. వాళ్ల వకీలు ముందటికొచ్చి, ఆఫీసరు చెవుల ఏదో అన్నడు. ఆఫీసరు తలకాయ ఊపి మల్ల అడిగిండు.

"పోయేటప్పుడు భూమి ఆసామిని అడిగి పోతుండిరా, అడగకుంట పోతుండిరా?"

నేను బాపు మొఖం దిక్కే చూస్తున్న. కండ్లతోని చెప్తున్న, అడగలె అను, అడగలె అను. మా వాళ్లందరు గూడ గదే చూస్తున్రు. బాపు ఒక్కసారి నన్ను చూసిండు. భుజం మీది గొంగడి సదురుకున్నడు.

"అడిగే పోయిన అయ్యా. అడగకుంట చేన్ల పడనీకి మేమేమన్న మంగోలోళ్లమా?"

ఆఫీసరుకు ఏం సమజ్ కాలె. "వాళ్లెవరు?" అని అటు ఇటు చూసిండు. సమజైంది అక్కడ ముగ్గురికే. బాపుకు, నాకు, తీగ అవతల ఉన్న ఆయనకు. ఆయన మొఖం ఎర్రగయ్యి, నేల చూసుకుంట నిలవడ్డడు. వాళ్ల వకీలు మాత్రం అప్పుడే నవ్వుకుంట ఆఫీసరుకు చెయ్యి కలిపిండు.

దారి పొడుగూత నేను బాపును తిట్టిన. నోటికి ఎంతొస్తె అంత అన్న. ఒక్క మాట! ఒక్క మాట అంటె ఏం పోయింది? నీ పద్ధతి పాడుగాను, ఆ పద్ధతి కూడు పెడతదా? బాపు ముందు ముందు నడుసుకుంట పోయిండు. నా ఏడుపు నాకే వినవడుతున్నది.

బాట మాది కాదని తేలినంక ఒక ఆదివారం ఆయన మా ఇంటికొచ్చిండు. కారు గల్లీల ఆపి, నేరుగ వాకిట్లకొచ్చి అరుగు మీద కూసున్నడు. "మీ నాన్నగారు అడగలేదని ఒక్క మాట అనుంటే, నేను కాదనేవాణ్ణి కాదు టీచర్ గారూ. మా వకీలుకి కూడా చెప్పాను" అన్నడు. గెలిచినంక అందరు గిట్లనే అంటరు. "మరి ఆ వకీలుకు అడిగే సంగతి ఎవరు చెప్పిన్రు?" అన్న. ఆయన, "గేటు పెట్టిస్తానండీ, ముందు రోజు ఫోన్ చేస్తే వాచ్‌మన్ తీస్తాడు" అన్నడు. బాపు ఆయనకు మజ్జిగ ఇప్పిచ్చి, గల్లీ దాంక సాగనంపిండు. ఆ మజ్జిగ గ్లాసు నేను రెండుమార్లు తోమిన. ఆ మనిషి దొంగనా, ఉట్టి ఎడ్డి మంచోడా? ఇప్పటికీ ఒక పూట గట్ల అనిపిస్తది, ఒక పూట గిట్ల.

గేటు వచ్చింది. దాని ఎనుక కూసున్న వాచ్‌మన్‌కు తెలుగు రాదు. ఫోన్ చేస్తె ఆయన మీటింగుల ఉంటుండె. బాపు గొంగడి పరిచి, గేటు ముందట పొద్దు నెత్తి మీదికొచ్చేదాంక నిలవడ్డ రోజులున్నయి. గొర్లు ఎండకు నాలికలు బయట పెడుతుండె. ఆఖరుకు కొండకల్ దిక్కు నుంచి మందను కొననీకి బేరగాళ్లు వచ్చిన్రు. అవ్వ ఇంట్ల తలుపు ఏసుకొని కూసున్నది, బయటికి రాలె.

బేరగాళ్లు మందను మా వాకిట్లకెల్లి తోలబోయేటప్పుడు బాపు వాళ్లను ఆగుమన్నడు. భుజం మీది గొంగడి తీసి, మంద ముందట మా వాకిట్లనే పరిచిండు. కట్టె దాని మీద పెట్టిండు. ముందటి గొర్రె వచ్చి, వాసన చూసి, అక్కడనే ఆగింది. ఎనుక మంద మొత్తం ఆగింది. బేరగాళ్లు అదిలిచ్చిన్రు, కట్టెలతోని పొడిసిన్రు, చెవులు పట్టి గుంజిన్రు. ఒక్కటి కదిలితె ఒట్టు.

"ఏందీ ఆట, పెద్దమనిషీ? మాకు పొద్దెక్కుతున్నది" అన్నడు బేరగాడు.

బాపు వాని దిక్కు చూడలె. నా దిక్కు తిరిగిండు. పటేల్‌ను ఏ గొంతుతోని అడిగేటోడో, కారు దిగినాయనను ఏ గొంతుతోని అడిగిండో, ఆ గొంతుతోనే నన్ను అడిగిండు.

"మంద పోవాలె బిడ్డా. నీ మాట కావాలె."

వద్దు అని నాలిక కొస దాంక వచ్చింది. గొర్లు నా మొఖమే చూస్తున్నయి. బాపు ఎదురు చూసుకుంట నిలవడ్డడు. నేను ఏదో ఒకటి అనేదాంక ఆ గొంగడి నేల మీది నుంచి లేవదని నాకు తెలుసు.

"పోనియ్యి బాపు" అన్న.

బాపు వంగి గొంగడి తీసి, దుమ్ము దులిపి, భుజం మీద ఏసుకున్నడు. గొర్లు కదిలినయి.